లైనక్స్ ల్యాప్‌టాప్‌లో వైఫై: కలుపుకోవడం నుంచి కాపాడుకోవడం దాకా

కిందటి సంక్రాంతికి అక్క వాళ్లింటికి వెళ్లినప్పుడు ల్యాప్‌టాప్ తెరిచి వైఫై పాస్‌వర్డ్ అడిగితే, బావగారు తన ఫోన్ నంబరే చెప్పారు. మీకు తెలిసిన ఇళ్లలోనూ చాలాచోట్ల ఇలాగే ఉంటుంది. ఆ పాస్‌వర్డ్ ఎంతసేపు నిలుస్తుందో లెక్కవేసి చూపించాక బావగారు ఆ సాయంత్రమే మార్చేశారు. ఆ లెక్క కింద మీకూ చెబుతాను.

లైనక్స్ వాడేవాళ్లలో ఒక ధీమా ఉంటుంది: మనది లైనక్స్ కదా, మనకేం కాదు అని. వైరస్‌ల విషయంలో దానికి కొంత ఆధారం ఉంది. వైఫై దగ్గర మాత్రం ఆ ధీమా పనికిరాదు. ల్యాప్‌టాప్‌కు మనం ప్రత్యేకంగా చెప్పకపోతే అది నెట్‌వర్క్‌ను పేరు చూసి నమ్మేస్తుంది. పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. ఏ నెట్‌వర్క్‌ను దేన్నిబట్టి నమ్మాలో ల్యాప్‌టాప్‌కు నేర్పడమే ఈ వ్యాసంలో మనం చేసే పని.

ఉబుంటు, లైనక్స్ మింట్, డెబియన్, ఫెడోరా, వీటిలో ఏది వాడినా ఇందులోని పద్ధతి సరిపోతుంది. వీటి డెస్క్‌టాప్‌లలో వైఫై వ్యవహారం మొత్తం చూసేది నెట్‌వర్క్‌మేనేజర్ అనే ప్రోగ్రామే. టెర్మినల్ కమాండ్లను పలికే తీరులో రాశాను. టైప్ చేసేటప్పుడు అన్నీ చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి.

ముందుగా కార్డు సంగతి

టెర్మినల్ తెరిచి ఎల్‌ఎస్‌పీసీఐ అని కొట్టండి. వచ్చిన జాబితాలో నెట్‌వర్క్ కంట్రోలర్ అన్న వరుసలో మీ వైఫై కార్డు ఎవరు చేసిందో కనిపిస్తుంది. యూఎస్‌బీకి పెట్టే వైఫై డాంగిల్ వాడుతుంటే ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కొట్టాలి. ఇంటెల్ కార్డైతే దాదాపు నిశ్చింతే. దాని డ్రైవర్ లైనక్స్ మూలభాగమైన కెర్నల్‌లోనే ఉంటుంది, కావాల్సిందల్లా కార్డు లోపల నడిచే సాఫ్ట్‌వేర్, అంటే ఫర్మ్‌వేర్ ప్యాకేజీ. డెబియన్ వాడేవాళ్లకు ఒకప్పుడు ఈ ఫర్మ్‌వేర్ పెద్ద తలనొప్పి. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాలర్‌లోనే కలిపి ఇస్తున్నారు.

కార్డు కనిపిస్తున్నా వైఫై ఆన్ కాకపోతే ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్ అని కొట్టి చూడండి. సాఫ్ట్ బ్లాక్డ్ ఎదురుగా యెస్ అని ఉంటే ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై అంటే సరిపోతుంది. హార్డ్ బ్లాక్డ్ ఎదురుగా యెస్ అని ఉంటే ఏ కమాండూ పనిచేయదు. ల్యాప్‌టాప్ పక్కన ఉండే చిన్న స్విచ్చో, కీబోర్డు పైవరుసలో విమానం బొమ్మ ఉన్న కీనో చూడాలి.

డ్రైవర్ దింపుకోవాలంటే ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. ఇక్కడ చాలామంది ఆగిపోతారు. ఆండ్రాయిడ్ ఫోన్‌ను డేటా కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి, ఫోన్ సెట్టింగులలో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. లైనక్స్ దాన్ని మామూలు వైరు కనెక్షన్‌లా గుర్తిస్తుంది. చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే చవక కేబుళ్లతో ఇది జరగదు.

పాత మ్యాక్‌బుక్‌లలో, కొన్ని పాత డెల్ ల్యాప్‌టాప్‌లలో బ్రాడ్‌కామ్ కార్డు ఉంటుంది. దానికి ఉబుంటులో అడిషనల్ డ్రైవర్స్, మింట్‌లో డ్రైవర్ మేనేజర్ తెరిచి విడిగా డ్రైవర్ వేసుకోవాలి. సెక్యూర్ బూట్ (సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ను అడ్డుకునే రక్షణ) ఆన్‌లో ఉంటే ఆ సమయంలో ఒక పాస్‌వర్డ్ పెట్టుకోమంటుంది. రీస్టార్ట్ కాగానే నీలం రంగు తెర వస్తుంది. పది సెకన్లలోగా ఏదో ఒక కీ నొక్కి, ఎన్‌రోల్ ఎంఓకే ఎంచుకుని, ఆ పాస్‌వర్డ్ ఇవ్వాలి. కంగారులో కంటిన్యూ నొక్కేస్తే డ్రైవర్ లోడ్ కాదు. అప్పుడు సెక్యూర్ బూట్‌నే ఆపేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, వినకండి. డ్రైవర్‌ను తీసేసి మళ్లీ వేస్తే ఆ నీలం తెర మళ్లీ వస్తుంది.

అయితే ఆ బ్రాడ్‌కామ్ డ్రైవర్‌ను కంపెనీ చివరిసారి విడుదల చేసింది 2015లో. వైఫై భద్రతలో కొత్త ప్రమాణమైన డబ్ల్యూపీఏ3 దానికి తెలియదు. రోజూ వాడే ల్యాప్‌టాప్ అయితే, కెర్నల్‌లోనే డ్రైవర్ ఉన్న మీడియాటెక్ చిప్ డాంగిల్ కొనుక్కోవడం మేలని నా అభిప్రాయం. సీడీలో డ్రైవర్ ఇచ్చే డాంగిల్, ఎవరో రాసిపెట్టిన కోడ్‌ను మనమే కంపైల్ చేసుకోవాల్సిన డాంగిల్ జోలికి వెళ్లొద్దు. కెర్నల్ మారిన ప్రతిసారీ అది ఆగిపోతుంది, దానిలో లోపం బయటపడితే సరిచేసే దిక్కుండదు.

కార్డు పనిచేయడం మొదలుపెట్టగానే సిస్టమ్ మొత్తాన్ని అప్‌డేట్ చేయండి. ఈ మాట ఊరికే అనడం లేదు. 2017 అక్టోబరులో బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు మాథీ వాన్‌హూఫ్ క్రాక్ అనే దాడిని బయటపెట్టారు. డబ్ల్యూపీఏ2 వాడే పరికరాలన్నిటికీ అది వర్తించింది. లైనక్స్‌కు తగిలిన దెబ్బ మరీ పెద్దది. వైఫై తాళాల పని చూసే డబ్ల్యూపీఏ సప్లికెంట్ 2.4 వెర్షన్ నుంచి, దాడి చేసేవాడు గుప్తీకరణ తాళాన్ని అన్నీ సున్నాలుగా మార్చేయగలిగేవాడు. దాన్ని సరిచేసిన అప్‌డేట్ వెంటనే వచ్చింది. అప్‌డేట్లు ఆపేసుకున్న ల్యాప్‌టాప్‌లకే చేరలేదు.

రౌటర్ పక్కాగా లేకపోతే ల్యాప్‌టాప్ ఏం చేయలేదు

రౌటర్ సెట్టింగుల పేజీ చిరునామా తెలియకపోతే, ల్యాప్‌టాప్‌ను రౌటర్‌కు కలిపి టెర్మినల్‌లో ఐపీ రూట్ అని కొట్టండి. డిఫాల్ట్ వయా అన్న మాటల పక్కన ఉన్న అంకెలే ఆ చిరునామా. సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1 అవుతుంది. జియోఫైబర్ పెట్టె అయితే 192.168.29.1. బ్రౌజర్‌లో ఆ అంకెలు కొట్టి లోపలికి వెళ్లగానే అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. ఇది వైఫై పాస్‌వర్డ్ కంటే వేరు. ఈ రెంటినీ ఒకటే పెట్టకండి.

తర్వాత సెక్యూరిటీ రకం. 1997లో వైఫై ప్రమాణంతో పాటే వచ్చిన డబ్ల్యూఈపీని 2001లోనే ఛేదించారు. 2007కల్లా జర్మనీలోని డార్మ్‌స్టాట్ పరిశోధకులు దాన్ని నిమిషంలోపు పగలగొట్టి చూపించారు. 2003లో వచ్చిన డబ్ల్యూపీఏ ఒక తాత్కాలిక అతుకు. 2004లో డబ్ల్యూపీఏ2, 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చాయి. మీ రౌటర్‌లో డబ్ల్యూపీఏ3 ఉంటే అది ఎంచుకోండి. ఇంట్లో పాత ఫోన్లు, ప్రింటర్లు ఉంటే డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిసిన మోడ్ పెట్టండి. డబ్ల్యూపీఏ3 లేకపోతే ఏఈఎస్ గుప్తీకరణతో డబ్ల్యూపీఏ2. డబ్ల్యూపీఏ, డబ్ల్యూపీఏ2 కలిపిన మోడ్ మాత్రం వద్దు, దానితో పాత, బలహీనమైన టీకేఐపీ గుప్తీకరణ కూడా లోపలికి వచ్చేస్తుంది.

డబ్ల్యూపీఎస్ అని ఒక బటన్ ఉంటుంది. పాస్‌వర్డ్ కొట్టకుండా పరికరాలు కలుపుకునే సౌకర్యం. దాని పిన్ పద్ధతిలో ఎనిమిది అంకెలుంటాయి కాబట్టి కోట్ల అవకాశాలని అనిపిస్తుంది. కానీ రౌటర్ ఆ పిన్‌ను రెండు ముక్కలుగా విడివిడిగా సరిచూస్తుంది, చివరి అంకె మిగతా వాటినుంచి లెక్కగట్టేది. దాంతో మొదటి ముక్కకు 10,000, రెండో ముక్కకు 1,000, మొత్తం 11,000 ప్రయత్నాలు చాలు. 2011లో ఈ లోపం లోకానికి తెలిసింది. ఆపేయండి.

ఇప్పుడు ఫోన్ నంబరు లెక్క. మీ ఇంటి దగ్గర ఎవరో ల్యాప్‌టాప్‌తో కూర్చున్నారనుకోండి. మీ ఫోన్ రౌటర్‌కు కలిసే క్షణంలో ఆ రెండూ చేసుకునే పలకరింపును రికార్డు చేస్తే వాళ్ల పని అయినట్టే. డబ్ల్యూపీఏ2లో అయితే ఆ రికార్డును ఇంటికి తీసుకెళ్లి తీరిగ్గా పాస్‌వర్డ్లు ఊహించుకోవచ్చు, మీ రౌటర్‌కు తెలియను కూడా తెలియదు. ఒక్కో ఊహను సరిచూడడానికి పాస్‌వర్డ్‌ను, నెట్‌వర్క్ పేరును కలిపి 4,096 సార్లు తిప్పాలి. నెమ్మదిగా సాగాలనే అలా పెట్టారు. అయినా ఇవాళ్టి ఖరీదైన ఒక్క గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు సెకనుకు 20 లక్షలకు పైగా ఊహలు సరిచూడగలదు. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తో మొదలవుతాయి కాబట్టి మొత్తం 400 కోట్ల అవకాశాలు. 400 కోట్లను 20 లక్షలతో భాగిస్తే 2,000 సెకన్లు. అంటే దాదాపు 33 నిమిషాలు. దేశంలో ఎవరి నంబరైనా సరే, అరగంట పైచిలుకులో దొరికిపోతుంది.

మరి ఏం పెట్టాలి? ఒకదానితో ఒకటి సంబంధం లేని ఐదు తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి, మధ్యలో అడ్డగీతలు పెట్టండి. గోంగూర, తలుపు, పిచ్చుక, వడ్డీ, నిచ్చెన, ఇలాంటివి. (ఈ ఐదింటినే పెట్టకండి.) మనసుకు తోచిన మాటలు ఏరుకుంటే ఇంట్లో వాళ్ల పేర్లు, దేవుళ్ల పేర్లు దొర్లుతాయి. నిఘంటువు తీసి కళ్లు మూసుకుని పేజీలు తిప్పి వేలు పెట్టడం మంచిది. రెండు వేల మాటల్లోంచి ఇలా గుడ్డిగా నాలుగు తీస్తే, పైన చెప్పిన కార్డుకు అన్నీ ప్రయత్నించడానికి మూడు నెలలు పడుతుంది. ఐదో మాట చేరిస్తే ఐదు వందల ఏళ్లు దాటుతుంది. వైఫై పాస్‌వర్డ్ 8 నుంచి 63 అక్షరాల దాకా ఉండొచ్చు కాబట్టి ఐదు మాటలు హాయిగా పడతాయి. బావగారి ఇంట్లో ఈ పద్ధతే పెట్టాం. పిల్లలు మొదటి రోజే నోటికి పట్టేశారు.

డబ్ల్యూపీఏ3లో ఈ ఇంటికి తీసుకెళ్లి ఊహించే దారి మూసుకుపోతుంది. ప్రతి ఊహకూ రౌటర్‌తో నేరుగా మాట్లాడాల్సిందే. దాని తొలి రూపంలో 2019లో లోపాలు దొరికాయి, వాటినీ సరిచేశారు. మళ్లీ అప్‌డేట్ల మాటకే వస్తున్నాను.

నెట్‌వర్క్ పేరు దాచడం గురించి ఒక్క మాట. దాచితే భద్రమని చాలామంది అనుకుంటారు. దాచిన నెట్‌వర్క్‌ను వెతకడానికి మీ ల్యాప్‌టాప్ బస్టాండులోనూ, ఆఫీసులోనూ దాని పేరు పిలుస్తూ తిరగాలి. ఇంట్లో దాచిన పేరును ఊరంతా మీ ల్యాప్‌టాపే చాటుతుంది. దాచకండి.

ఇంటి నెట్‌వర్క్‌కు కలపడం

నేరుగా కలిపేముందు ఎన్‌ఎంసీఎల్‌ఐ డివైస్ వైఫై లిస్ట్ అని కొట్టి చూడండి. చుట్టుపక్కల నెట్‌వర్క్‌లన్నీ వరుసగా వస్తాయి. చివరి సెక్యూరిటీ నిలువు వరుస ముఖ్యం. అక్కడ డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ ఉంటే రౌటర్ కలిసిన మోడ్‌లో ఉంది. డబ్ల్యూపీఏ1 అని కనిపిస్తే రౌటర్‌లో పైన వద్దన్న మోడ్ ఇంకా ఉన్నట్టు. రెండు అడ్డగీతలే ఉంటే అసలు గుప్తీకరణే లేదు.

తర్వాత మామూలుగా పైన మూలనున్న వైఫై గుర్తు నొక్కి, పేరు ఎంచుకుని, పాస్‌వర్డ్ ఇచ్చి కలపండి. కలిశాక ఆ నెట్‌వర్క్ పక్కనున్న పళ్ల చక్రం గుర్తు నొక్కి సెక్యూరిటీ ట్యాబ్‌కు వెళ్లండి. మింట్‌లో అయితే నెట్‌వర్క్ కనెక్షన్స్ కిటికీలో ఇదే ట్యాబ్ ఉంటుంది. అక్కడ డబ్ల్యూపీఏ అండ్ డబ్ల్యూపీఏ2 పర్సనల్ అని ఉంటే, ల్యాప్‌టాప్ ఏది దొరికితే దానితో సర్దుకుంటుంది. మీ రౌటర్‌లో డబ్ల్యూపీఏ3 ఉంటే ఇక్కడ డబ్ల్యూపీఏ3 పర్సనల్ అని మార్చి సేవ్ చేయండి. ఇకమీదట అదే పేరుతో ఎవరైనా డబ్ల్యూపీఏ2 నెట్‌వర్క్ పెట్టి పిలిచినా మీ ల్యాప్‌టాప్ దిగిరాదు.

ఇంకో సంగతి మీ పాస్‌వర్డ్ ఎక్కడ దాగి ఉందన్నది. పాస్‌వర్డ్ పెట్టె కుడి చివర చిన్న గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే ఈ ఒక్క యూజర్‌కే దాచాలా, అందరు యూజర్లకూ దాచాలా, ప్రతిసారీ అడగాలా అని వస్తుంది. అందరికీ అని ఉంటే ఈటీసీ ఫోల్డర్‌లోని నెట్‌వర్క్‌మేనేజర్, అందులోని సిస్టమ్-కనెక్షన్స్ ఫోల్డర్‌లో (ఉబుంటు 23.10 నుంచి ఈటీసీలోని నెట్‌ప్లాన్ ఫోల్డర్‌లో) మీ పాస్‌వర్డ్ మామూలు అక్షరాల్లోనే రాసి ఉంటుంది. రూట్ యూజర్ తప్ప ఎవరూ చదవలేరు, నిజమే. కానీ ల్యాప్‌టాప్ పోగొట్టుకున్నారనుకోండి. దొరికినవాడు లైవ్ యూఎస్‌బీ పెట్టి బూట్ చేస్తే ఆ రక్షణ ఎగిరిపోతుంది. ఇంటి వైఫై, కాలేజీ లాగిన్, ఫోన్ హాట్‌స్పాట్, అన్నీ ఒకే ఫోల్డర్‌లో.

దీనికి అసలైన మందు లైనక్స్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడే డిస్క్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసుకోవడం. ఉబుంటు, మింట్, ఫెడోరా, డెబియన్ ఇన్‌స్టాలర్లన్నిటిలో ఆ ఆప్షన్ ఉంది. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి, ల్యాప్‌టాప్ మీరొక్కరే వాడితే అందరు యూజర్లకూ అన్నది పెట్టుకున్నా ఫరవాలేదు. డిస్క్ అలా లేకపోతే ఈ ఒక్క యూజర్‌కే అని మార్చండి. అప్పుడు పాస్‌వర్డ్ కీరింగ్ అనే తాళం వేసిన పెట్టెలోకి వెళ్తుంది, మీరు లాగిన్ అయ్యాకే వైఫై కలుస్తుంది. ఆటోమేటిక్ లాగిన్ పెట్టుకున్నవాళ్లను కీరింగ్ ప్రతిసారీ పాస్‌వర్డ్ అడుగుతుంది. విసుగొచ్చి కీరింగ్ పాస్‌వర్డ్‌ను ఖాళీగా వదిలేస్తే మళ్లీ మొదటికే వచ్చినట్టు. ఆటోమేటిక్ లాగిన్ మానుకోవడమే నయం.

కాలేజీ, ఆఫీసు వైఫై: ఆ ఒక్క టిక్కు

నన్ను అడిగితే ఈ వ్యాసంలో అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సింది ఇదే. నేను చదువుకున్న చోట వైఫై పెట్టుకునే విధానం ఒక కాగితం మీద ముద్రించి ఇచ్చారు. అందులో లైనక్స్ వాళ్లకు ఒక వరుస ఉండేది: నో సీఏ సర్టిఫికెట్ ఈజ్ రిక్వైర్డ్ అన్న దగ్గర టిక్ పెట్టండి అని. పెట్టాను, కలిసింది, రెండేళ్లు అలాగే వాడాను. ఆ టిక్కు అర్థం తెలిసిన రోజున నిజంగా భయమేసింది.

పెద్ద సంస్థల వైఫైలో అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఉండదు. ఒక్కొక్కరు తమ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇస్తారు. వాటిని సరిచూసేది లోపలున్న ఒక సర్వర్. మీరు ఎవరో సర్వర్ అడుగుతుంది, బాగానే ఉంది. సర్వర్ ఎవరో మీ ల్యాప్‌టాప్ అడగాలి కదా? అలా అడిగి తెలుసుకునే సాధనమే సర్టిఫికెట్. ఆ టిక్ పెట్టడమంటే అడగొద్దని చెప్పడం. అప్పుడు ఎవరైనా బ్యాగులో చిన్న పరికరం పెట్టుకుని మీ కాలేజీ పేరుతో నెట్‌వర్క్ తెరిస్తే, మీ ల్యాప్‌టాప్ మీకు చెప్పకుండానే వెళ్లి దానికి లాగిన్ వివరాలు సమర్పించుకుంటుంది.

వివరాలు నేరుగా వెళ్లవు, ఎంఎస్‌చాప్ వీ2 అనే పద్ధతిలో మార్చి పంపుతారు. కానీ 2012లో డెఫ్‌కాన్ అనే హ్యాకర్ల సదస్సులో మాక్సీ మార్లిన్‌స్పైక్, డేవిడ్ హల్టన్ ఆ పద్ధతి మొత్తం బలం ఒక్క పాతకాలపు డీఈఎస్ తాళం బలానికి సమానమని తేల్చారు. పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా లాభం లేదు. అదే లాగిన్‌తో ఈమెయిల్, మార్కుల పోర్టల్, జీతం చీటీ తెరుచుకునే చోట ఏమవుతుందో ఆలోచించండి. 2024 ఫిబ్రవరిలో డబ్ల్యూపీఏ సప్లికెంట్‌లో మరో లోపం బయటపడింది. దానితో పాస్‌వర్డ్ ఛేదించే అవసరం కూడా లేకుండా దొంగ నెట్‌వర్క్‌కు లాగేసుకోవచ్చు. సర్టిఫికెట్ సరిచూడని ల్యాప్‌టాప్‌లకే ఆ దాడి తగులుతుంది.

సరిగ్గా పెట్టుకోవడం ఇలా. నెట్‌వర్క్ పేరు నొక్కగానే వచ్చే కిటికీలో వైఫై సెక్యూరిటీ దగ్గర డబ్ల్యూపీఏ అండ్ డబ్ల్యూపీఏ2 ఎంటర్‌ప్రైజ్ ఎంచుకోండి. ఆథెంటికేషన్ దగ్గర సాధారణంగా ప్రొటెక్టెడ్ ఈఏపీ. కొన్నిచోట్ల టన్నెల్డ్ టీఎల్‌ఎస్ ఉంటుంది, మీ ఐటీ విభాగాన్ని అడగండి. ఆనానిమస్ ఐడెంటిటీ దగ్గర మీ అసలు యూజర్‌నేమ్ ఇవ్వకండి. ఆ పెట్టెలోనిది గుప్తీకరణ మొదలవకముందే గాలిలోకి వెళ్తుంది. ఆనానిమస్ అని రాసి, వెనక మీ సంస్థ డొమైన్ పెట్టండి. సీఏ సర్టిఫికెట్ దగ్గర ఐటీ విభాగం ఇచ్చిన ఫైల్ ఎంచుకోండి. డొమైన్ అనే పెట్టెలో ఆ సర్వర్ పేరు రాయాలి. ఇన్నర్ ఆథెంటికేషన్ దగ్గర ఎంఎస్‌చాప్ వీ2. ఆ కింద అసలు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్.

డొమైన్ పెట్టెను ఖాళీగా వదిలేసేవాళ్లే ఎక్కువ. మీ సంస్థ సొంతంగా సర్టిఫికెట్లు తయారుచేసుకుంటే అది కొంతవరకు సర్దుకుంటుంది. కానీ మీ సర్వర్‌కున్నది అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చే పబ్లిక్ సంస్థది అయితే, దాడి చేసేవాడు కూడా అదే సంస్థ దగ్గర తన పేరుకు ఒకటి తెచ్చుకోగలడు. అప్పుడు మిమ్మల్ని కాపాడేది డొమైన్ పెట్టెలోని పేరు ఒక్కటే.

అన్నీ పెట్టాక ఒక పరీక్ష చేయండి. డొమైన్ పెట్టెలో కావాలని తప్పు పేరు రాసి సేవ్ చేసి, వైఫై ఆపి మళ్లీ కలపండి. కలవకూడదు. పాస్‌వర్డ్ మళ్లీ అడిగితే రద్దు చేయండి. అలా నిరాకరించిందంటే మీ ల్యాప్‌టాప్ నిజంగానే సరిచూస్తోంది, అసలు పేరు తిరిగి రాసేయండి. తప్పు పేరుతోనూ కలిసిపోతే సర్టిఫికెట్ అమరిక పనిచేయడం లేదని అర్థం.

మీ విశ్వవిద్యాలయంలో ఎడ్యురోమ్ (విశ్వవిద్యాలయాలు కలిసి నడిపే ఉమ్మడి వైఫై) ఉంటే ఈ శ్రమంతా తగ్గుతుంది. యూరప్‌లో మొదలైన ఈ ఏర్పాటు ఇప్పుడు వందకు పైగా దేశాల్లో, ప్రాంతాల్లో ఉంది. మన దేశంలో దీన్ని నడిపేది ఎర్నెట్ ఇండియా. ఎంఎస్ కోసం అమెరికా, జర్మనీ, ఆస్ట్రేలియా వెళ్లే మన పిల్లలకు క్యాంపస్‌లో అడుగుపెట్టగానే ఎదురయ్యే నెట్‌వర్క్ పేరు తరచుగా ఇదే. ఎడ్యురోమ్ క్యాట్ వెబ్‌సైట్‌లో మీ విశ్వవిద్యాలయం పేరు వెతికితే లైనక్స్‌కు ఒక పైథాన్ స్క్రిప్టు దొరుకుతుంది. దాన్ని నడిపితే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగి, సర్టిఫికెట్, సర్వర్ పేరు తనే పెట్టేస్తుంది. అక్కడి సీనియర్లు ఏ టిక్ పెట్టమన్నా, ముందు ఈ స్క్రిప్టు ఉందేమో చూడండి.

ఉబుంటు 22.04 వచ్చాక కొందరికి ఉన్నట్టుండి ఆఫీసు వైఫై కలవడం ఆగిపోయింది. గుప్తీకరణ పని చూసే కొత్త ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 పాతకాలపు సర్వర్లతో మాట్లాడనంటుంది. సిస్టమ్ మొత్తానికి భద్రతా స్థాయి తగ్గించే చిట్కాలు ప్రచారంలో ఉన్నాయి. ఒక్క వైఫై కోసం ల్యాప్‌టాప్‌లోని అన్ని కనెక్షన్లనూ బలహీనం చేసుకోవడం అవుతుంది అది. ఐటీ విభాగానికి రాసి సర్వర్‌ను మార్పించడమే సరైన దారి. ఈలోపు ఫోన్ హాట్‌స్పాట్ ఉండనే ఉంది.

స్టేషన్‌లో, హోటల్లో

రైల్వే స్టేషన్లలో రైల్‌టెల్ ఉచిత వైఫై 2016 జనవరిలో ముంబై సెంట్రల్‌తో మొదలైంది. కాచిగూడ, విజయవాడ, విశాఖపట్నం స్టేషన్లకు ఆ ఏడాది ఏప్రిల్‌లోనే వచ్చింది. ఫోన్ నంబరు ఇచ్చి, ఓటీపీ కొట్టి లోపలికి వెళ్తాం. ఓటీపీ అడిగారు కాబట్టి భద్రమని అనుకుంటాం. ఓటీపీ మీరెవరో వాళ్లకు తెలియడానికే. పాస్‌వర్డ్ అడగకుండా కలిసే నెట్‌వర్క్‌లో మీ ల్యాప్‌టాప్‌కూ ఆ యాంటెన్నాకూ మధ్య గాలిలో సాధారణంగా ఏ గుప్తీకరణా ఉండదు. వెబ్‌సైట్ల హెచ్‌టీటీపీఎస్ వల్ల మీరు చదివేది, రాసేది కనబడదు గానీ, ఏ సైట్‌కు వెళ్లారో చాలావరకు కనబడుతుంది.

లాగిన్ పేజీ రాకపోతే బ్రౌజర్‌లో నెవర్‌ఎస్‌ఎస్‌ఎల్ డాట్ కామ్ తెరవండి, అది ఆ పేజీకి దారి మళ్లిస్తుంది. అప్పటికీ రాకపోతే వీపీఎన్ (మీ ట్రాఫిక్‌ను గుప్తీకరించి ఇంకో సర్వర్ గుండా పంపే ఏర్పాటు) ఆన్‌లో ఉందేమో చూసుకోండి. బ్రౌజర్ సర్టిఫికెట్ తప్పని హెచ్చరిస్తే ముందుకు వెళ్లకండి. బ్యాంకు పని ఉంటే ఫోన్ హాట్‌స్పాట్ వాడండి. నేను ప్రయాణాల్లో డబ్బు వ్యవహారాలకు వేరేది వాడను.

బయటి నెట్‌వర్క్‌కు కలిసేముందు ఫైర్‌వాల్ ఆన్ చేయండి. ఉబుంటులో అది వచ్చేటప్పుడు ఆపే ఉంటుంది. సుడో యూఎఫ్‌డబ్ల్యూ ఎనేబుల్ అన్న ఒక్క కమాండుతో బయటి నుంచి వచ్చే కనెక్షన్లన్నీ ఆగిపోతాయి. ఫెడోరాలో ఫైర్‌వాల్ ఆన్‌లోనే ఉంటుంది, కానీ ఫెడోరా వర్క్‌స్టేషన్ అనే దాని మామూలు జోన్‌లో 1025 నుంచి 65535 దాకా పోర్టులన్నీ (కనెక్షన్లు లోపలికి వచ్చే ద్వారాలు) తెరిచి ఉంటాయి. ఇది తెలియనివాళ్లు చాలామంది ఉన్నారు. నెట్‌వర్క్ కనెక్షన్స్ ఎడిటర్‌లో ఆ కనెక్షన్ జనరల్ ట్యాబ్‌కు వెళ్లి ఫైర్‌వాల్ జోన్‌ను పబ్లిక్ అని మార్చండి. డెవలపర్లకు ఇది మరీ ముఖ్యం. పరీక్ష కోసం నడిపిన వెబ్‌సర్వర్, డేటాబేస్ అలాగే నడుస్తూ ఉండిపోతాయి.

అదే ఎడిటర్‌లో వైఫై ట్యాబ్‌లో క్లోన్డ్ ఎంఏసీ అడ్రస్ అనే పెట్టె ఉంటుంది. ఎంఏసీ అడ్రస్ అంటే నెట్‌వర్క్‌కు మీ వైఫై కార్డు చూపించే గుర్తు. బయటి నెట్‌వర్క్‌లకు అక్కడ ర్యాండమ్ ఎంచుకుంటే, కలిసిన ప్రతిసారీ మీ ల్యాప్‌టాప్ కొత్త గుర్తుతో కనిపిస్తుంది. గంటలు లెక్కపెట్టే హోటల్ వైఫైలు మళ్లీ లాగిన్ అడుగుతాయి కాబట్టి అక్కడ స్టేబుల్ పెట్టుకోండి. 2024 ఏప్రిల్‌లో వచ్చిన ఫెడోరా 40 నుంచి నెట్‌వర్క్ పేరునుబట్టి మారే గుర్తును తనంతట తానే పెడుతోంది.

వీపీఎన్ కావాలంటే వైర్‌గార్డ్ వాడండి. 2020 మార్చిలో వచ్చిన 5.6 వెర్షన్ నుంచి అది కెర్నల్‌లోనే ఉంది, ఫైల్ ఇస్తే నెట్‌వర్క్‌మేనేజర్ దాన్ని తీసుకుంటుంది. ఇంటి రౌటర్‌లోనే పెట్టుకుందామనుకునేవాళ్లు ముందు ఒకటి చూసుకోవాలి. మన దేశంలో చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లకు సొంత పబ్లిక్ ఐపీ ఉండదు, బయటినుంచి ఇంటికి చేరలేరు. అప్పుడు చిన్న సర్వర్ అద్దెకు తీసుకోవాల్సి వస్తుంది. ఉచిత వీపీఎన్‌లు మాత్రం వద్దు. స్టేషన్లో తెలియనివాళ్లు చూస్తారని భయపడి, మొత్తం ట్రాఫిక్‌ను ఇంకో తెలియనివాళ్ల చేతిలో పెట్టడమే అది.

రైలెక్కాక మర్చిపోకుండా చేయాల్సిన పని ఒకటుంది. పాస్‌వర్డ్ ఉన్న నెట్‌వర్క్‌ను మీ ల్యాప్‌టాప్ గుర్తుంచుకుంటే, అదే పేరుతో తాళం లేని నెట్‌వర్క్ ఎదురైనా నెట్‌వర్క్‌మేనేజర్ దానికి కలవదు. తాళం లేని నెట్‌వర్క్‌ను గుర్తుంచుకుంటే మాత్రం, ఆ పేరుతో ఎవరు ఎక్కడ నెట్‌వర్క్ పెట్టినా తనంతట తానే వెళ్లి కలుస్తుంది. టెర్మినల్‌లో ఎన్‌ఎంటీయూఐ అని కొట్టండి. ఎడిట్ ఎ కనెక్షన్ లోకి వెళ్తే మీ ల్యాప్‌టాప్ ఇన్నాళ్లూ గుర్తుపెట్టుకున్న నెట్‌వర్క్‌లన్నీ కనిపిస్తాయి. స్టేషన్లు, హోటళ్లు, కాఫీ కొట్లు, మూడేళ్ల కిందట ఖాళీ చేసిన హాస్టల్. తాళం లేనివన్నీ బాణం కీలతో ఒక్కొక్కటే ఎంచుకుని డిలీట్ చేయండి. మళ్లీ అవసరమయ్యేది ఏదైనా ఉంటే తీసేయకుండా, ఎడిట్ లోకి వెళ్లి ఆటోమేటికల్లీ కనెక్ట్ దగ్గరున్న గుర్తును తీసేయండి. ఇకపై మీరు చేత్తో నొక్కితేనే అది కలుస్తుంది.